ఆర్మడిల్లో దవడ: ఆడదా, మగదా?

(ఆదివారం తెలుగు రేడియో కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



పోయిన నెల ఎముకల గురించి మాట్లాడుకున్నప్పుడు ఒకావిడ ఫోన్ చేసి ఒక మంచి ప్రశ్న అడిగారు. వాళ్ళబ్బాయికి పొలం గట్టున ఆర్మడిల్లో పుర్రె ఒకటి దొరికిందట. "దవడ చూసి ఇది ఆడదో మగదో చెప్పొచ్చా అండీ?" అన్నారు. ఆ రోజు టైము అయిపోయింది. ఇవాళ జవాబు చెప్తాను. ఒక్క ముక్కలో చెప్పమంటే, ఆ ఒక్క దవడ చూసి చెప్పలేం. కానీ ఎందుకు చెప్పలేమో తెలుసుకోవడానికి శాస్త్రజ్ఞులకి రెండు వందల ఏళ్ళ పైన పట్టింది. ఆ దారిలో నడుస్తూ వెళ్ళినవాళ్ళు అనుకోకుండా మన దేశంలో లక్షలమందిని పీడించిన ఒక జబ్బు దగ్గరికి చేరారు. ఇవాళ్టి కథ అదీ.

ముందు ఈ జంతువు సంగతి. టెక్సస్‌కి కొత్తగా వచ్చిన మనవాళ్ళు దీన్ని రోడ్డు పక్కన చూడగానే "అరే, అలుగు!" అంటారు. నల్లమలలోనూ తూర్పు కనుమల్లోనూ తిరిగే మన అలుగుకీ దీనికీ పైకి పోలిక ఉన్నమాట నిజమే. చుట్టరికం మాత్రం లేదు. అలుగు పొలుసులు మన గోళ్ళలాంటి పదార్థం. ఆర్మడిల్లో డొప్ప అసలైన ఎముక బిళ్ళలతో తయారైంది, పైన పల్చటి కొమ్ములాంటి పొర ఉంటుంది. అలుగుకి దగ్గర బంధువులు పిల్లులూ కుక్కలూ ఉన్న మాంసాహారుల వర్గం. ఆర్మడిల్లో బంధువులు దక్షిణ అమెరికాలో ఉండే స్లాత్‌లూ, చీమలు తినే యాంట్ఈటర్లూ.

స్పానిష్ భాషలో ఆర్మడిల్లో అంటే కవచం తొడుక్కున్న బుల్లిది అని అర్థం. అంతకుముందే మెక్సికోలో అజ్టెక్కులు దీన్ని తమ నవాట్ల్ భాషలో "ఆయోతోచ్‌త్లి" అన్నారు. అంటే తాబేలు-కుందేలు. మన కథలో పరుగు పందెం వేసుకున్న తాబేలూ కుందేలూ వాళ్ళకి ఒకే జంతువులో కలిసిపోయాయన్నమాట. వీపు చూస్తే తాబేలు, చెవులు చూస్తే కుందేలు. ఇంతకన్నా బాగా పేరు పెట్టడం ఎవరి వల్లా కాదు.

యూరప్ పండితులు పెట్టిన పేర్లు ఇంత చక్కగా కుదరలేదు. 1758లో లినేయస్ దీనికి డాసిపస్ నొవెంసింక్టస్ అని పేరు పెట్టాడు. తొమ్మిది పట్టీలది అని అర్థం. అక్కడిదాకా బాగానే ఉంది. 1798లో ఫ్రాన్సులో కువియే ఒక వర్గం కట్టాడు. స్లాత్‌నీ, యాంట్ఈటర్‌నీ, ఆర్మడిల్లోనీ, మన అలుగునీ కూడా అందులో వేసి, దానికి "పళ్ళు లేనివి" అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. అలుగుకి నిజంగానే ఒక్క పన్ను కూడా ఉండదు. మరి ఆర్మడిల్లో నోరు తెరిచి చూస్తే? ఇక్కడ మన టెక్సస్‌లో తిరిగే దానికి మామూలుగా పైన ఎనిమిది, కింద ఎనిమిది, రెండు పక్కలా కలిపి 32 పళ్ళు. ఒకటి రెండు అటూ ఇటూ ఉండొచ్చు. దక్షిణ అమెరికాలో ఉండే పెద్ద ఆర్మడిల్లోకైతే 80కి పైనే ఉంటాయి. అన్ని పళ్ళున్నదాన్ని బోసినోటివాళ్ళ జాబితాలో వేశారు! పైగా ఆ పేరు వందేళ్ళకి పైగా పుస్తకాల్లో నిలబడింది. 1889లో కోప్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు వీటి వెన్నుపూసల్లో ఉన్న వింత కీళ్ళని బట్టి జెనార్త్రా అనే పేరు తెచ్చాడు. చివరికి అదే నిలిచింది.

కువియేని మరీ తప్పు పట్టనక్కర్లేదు. ఆ పళ్ళు మన పళ్ళలాంటివి కావు మరి. నోటి ముందు భాగంలో ఏమీ ఉండవు. కొరికే పళ్ళూ లేవు, కోర పళ్ళూ లేవు. వెనకవైపు మాత్రం మేకుల్లా గుండ్రంగా, అన్నీ ఒకే తీరుగా వరుసలో ఉంటాయి. వాటికి మూసుకుపోయిన వేరు ఉండదు. బతికినన్నాళ్ళూ కింద పెరుగుతూ పైన అరుగుతూ ఉంటాయి. మన పంటి మీద ఉండే ఎనామెల్, ఆ తెల్లటి గట్టి పింగాణీ పొర, ఎదిగిన ఆర్మడిల్లో పళ్ళ మీద కనిపించదు.

ఇక్కడొక విశేషం ఉంది. 1874లో ఇంగ్లండులో చార్లెస్ టోమ్స్ అనే దంత శాస్త్రజ్ఞుడు ఇంకా పుట్టని ఆర్మడిల్లో పిల్లల దవడలని సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాడు. ఎనామెల్‌ని తయారుచేసే కణజాలం అక్కడ కనిపించింది! కార్ఖానా ఉంది, సరుకు లేదు. దానికి కారణం 2009లో తెలిసింది. ఎనామెల్ తయారీకి కావలసిన ఒక ముఖ్యమైన జన్యువు ఆర్మడిల్లోలో ఉంది కానీ చెడిపోయి ఉంది. పాత ఇంట్లో ఎవరూ వాడని బావిలాగా గుర్తుగా మిగిలింది. ఇంతమంది పండితులు ఇన్నేళ్ళుగా ఈ దవడ చుట్టూ తిరుగుతున్నారని తెలియడానికే ఇదంతా చెప్పాను.

సరే, ఇప్పుడు మన ప్రశ్న. ఆడా మగా తేడా.

మనిషి ఎముకలు చూసేవాళ్ళు కింది దవడని కొంత నమ్ముతారు. మగవాళ్ళ గడ్డం చాలావరకు వెడల్పుగా, చతురస్రంగా ఉంటుంది. అంతకన్నా గట్టి సాక్ష్యం కటి ఎముక అనుకోండి. ఇక జంతువుల్లో అడవిపందిని చూడండి, మగదాని కోరలు వేరు. కొండముచ్చుల్లో మగదాని కోర పళ్ళు ఆడదానికన్నా బాగా పొడుగు. గొరిల్లా మగదైతే పుర్రె మీద దవడ కండరాలు పట్టుకోవడానికి పెద్ద గట్టే ఉంటుంది. ఇవన్నీ ఎందుకు వచ్చాయి? మగవి ఒకదానితో ఒకటి పోట్లాడేటప్పుడు నోరే ఆయుధం కాబట్టి. కనీసం నోరు తెరిచి భయపెట్టడానికైనా పనికొస్తుంది కాబట్టి.

ఆర్మడిల్లోకి ఆ పప్పులుడకవు. కోర పన్నే లేదాయె. పోట్లాట వచ్చినప్పుడు తరుముతుంది, కాలి గోళ్ళతో గీరుతుంది, తన్నుతుంది. నోటితో చేసే పని తిండి తినడం. తిండేమిటి? చీమలు, చెదలు, పేడ పురుగుల పిల్లలు, వానపాములు. జిగురు నాలుక చాపి అంటించుకుని లోపలికి లాక్కోవడమే. ఆ పని ఆడదైనా మగదైనా ఒకేలా చేస్తుంది. అంచేత ఈ జాతి దవడ సన్నగా, పొడుగ్గా, పుల్లలాగా ఉంటుంది. ఎడమ ముక్కా కుడి ముక్కా ముందువైపు గట్టిగా అతుక్కోవు కూడా. ఎండిపోయిన పుర్రెలో కింది దవడ రెండు ముక్కలుగా విడిపోయి దొరుకుతుంది. మగవి సగటున కాస్త బరువెక్కువ. ఆ కాస్త తేడాని ఒక్క దవడలో పట్టుకోవడం కష్టం.

కష్టం అన్నాను, ఎందుకో కొంచెం వివరంగా చెప్పాలి. మీ చేతిలో చిన్న దవడ ఒకటి ఉందనుకోండి. అది ఎదిగిన ఆడదాని దవడ కావచ్చు. ఇంకా ఎదగని కుర్ర మగదాని దవడా కావచ్చు. ఆవుకో గుర్రానికో అయితే పళ్ళు చూసి వయసు చెప్పే పెద్దలు మన ఊళ్ళలో ఉండేవారు. ఇక్కడ ఆ విద్య పనికిరాదు. పన్ను ఎప్పుడూ పెరుగుతూనే ఉంటుంది, పైగా ఈ జాతిలో పాలపళ్ళు శరీరం దాదాపు పూర్తిగా ఎదిగేదాకా ఉంటాయి. అంటే పరిమాణంలో కనిపించే తేడా ఆడామగా వల్ల వచ్చిందా, వయసు వల్ల వచ్చిందా అన్నది మొదటి చిక్కు.

రెండో చిక్కు జాతి. 1990లో కాథ్లీన్ స్మిత్, కెంట్ రెడ్‌ఫర్డ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు రెండు జాతుల ఆర్మడిల్లోల దవడలనీ కండరాలనీ పక్కపక్కన పెట్టి చూశారు. ఒకటి మన తొమ్మిది పట్టీలది. రెండోది ఆరు పట్టీలది, అది దుంపలూ పళ్ళూ పురుగులూ చచ్చిన జంతువుల మాంసమూ ఏది దొరికితే అది తింటుంది. దాని దవడ బలంగా, కండపట్టి ఉంటుంది. ఈ రెంటి మధ్య తేడా ముందు ఆడామగా తేడా ఏ మూలకి?

అలాగని ఆ తేడా ఏ జాతిలోనూ లేదని కాదు. అర్జెంటీనాలో బహియా బ్లాంకా అనే రేవు పట్నం ఉంది. డార్విన్ 1832లో ఆ ప్రాంతంలోనే దిగి, దగ్గర్లోని పుంతా ఆల్తా అనే చోట అంతరించిపోయిన మహా జంతువుల ఎముకలు తవ్వి తీశాడు. అక్కడి గౌచోలతో కలిసి డొప్పలోనే కాల్చిన ఆర్మడిల్లో మాంసం తిన్నాడు కూడా. పాత కాలపు రాక్షస ఆర్మడిల్లోల డొప్పలకీ, తను తిన్న బుల్లిదాని డొప్పకీ పోలిక ఆయన బుర్రలో నాటుకుపోయింది. ఒకే నేల మీద చచ్చినవాటికీ బతికున్నవాటికీ ఏదో సంబంధం ఉందనే ఆలోచన పరిణామ సిద్ధాంతానికి దారి తీసినవాటిలో ఒకటి. అంత భారీ డొప్ప జంతువులకి ఓవెన్ 1839లో పెట్టిన పేరు గ్లిప్టొడాన్, అంటే చెక్కిన పన్ను. డొప్ప అంత పెద్దది ఉండగా పేరు మాత్రం పంటిని బట్టి వచ్చింది చూడండి. అవి ఆర్మడిల్లోల కుటుంబంలోవేనని 2016లో పాత ఎముకల్లోంచి తీసిన డీఎన్‌ఏ తేల్చింది.

ఆ బహియా బ్లాంకాలోని విశ్వవిద్యాలయం పరిశోధకులే 2009లో అక్కడి వెంట్రుకల ఆర్మడిల్లో కింది దవడల్లో ఆడామగా తేడాల మీద ఒక పరిశోధన ప్రచురించారు. గమనించండి, వాళ్ళు తీసుకున్నది ఒకే జాతి. ఒకే ప్రాంతం, ఉత్తర పటగోనియా. ఆడామగా ముందే తెలిసిన దవడలు. ఇంత జాగ్రత్త పడితేనే ఆ ప్రశ్న అడగడానికైనా వీలవుతుంది. అక్కడ తేలిన మాటని తెచ్చి టెక్సస్ దవడకి అతికించడానికీ వీల్లేదు, అది వేరే జాతి.

ఇక్కడ నా సొంత అనుభవం కొంచెం చెప్తాను. రిటైరయ్యాక కొన్నాళ్ళు ఒక మ్యూజియం వెనక గదుల్లో వాలంటీరుగా పనిచేశాను. నా పని పాత పెట్టెల్లో ఎముకలకి కట్టిన చీటీలు చదివి కంప్యూటర్‌లో ఎక్కించడం. ఒక మంచి చీటీ మీద ఏముంటుందంటే: ఏ ఊరు, ఏ తేదీ, ఎవరు సేకరించారు, బరువెంత, చివర ఒక గుర్తు. మగదైతే వృత్తానికి బాణం, ఆడదైతే వృత్తం కింద శిలువ. ఈ గుర్తులు మన జాతకాల్లో తిరిగే కుజుడివీ శుక్రుడివీ. జీవశాస్త్రంలో వాటిని ఆడామగాలకి వాడడం మొదలుపెట్టింది మన లినేయసే. మరి చెడ్డ చీటీ మీద? "ఆర్మడిల్లో, టెక్సస్." అంతే. సగానికి పైగా చీటీలు ఈ రకం. దవడ నున్నగా, తెల్లగా, ఒక్క పన్ను ఊడకుండా ఉంటుంది. దాంతో ఏ ప్రశ్నకీ జవాబు చెప్పలేం. బతికున్నప్పుడు, లేదా చచ్చిన వెంటనే, ఆడదో మగదో ఎవరైనా ఇట్టే చూసి చెప్పగలరు. ఆ ఒక్క నిమిషంలో పెన్సిలు తీసి రాయకపోతే, ఇక ఎప్పటికీ తెలియదు.

చీటీ లేకుండా పోయిన దవడల లెక్క తీస్తే గుండె తరుక్కుపోతుంది. మన టెక్సస్ కొండ ప్రాంతంలో కంఫర్ట్ అనే ఊరుంది. అక్కడ చార్లెస్ అపెల్ట్ అనే జర్మన్ బుట్టల పనివాడు 1898లో ఆర్మడిల్లో డొప్పలతో బుట్టలు చేసి అమ్మడం మొదలుపెట్టాడు. డొప్పని వెల్లకిలా తిప్పి, తోకని వంచి నోటి దగ్గర కట్టేస్తే అదే పిడి. ఆ కుటుంబం వ్యాపారం 1971 దాకా నడిచింది. ఎన్నో ఇళ్ళల్లో కుట్టుపని బుట్టలుగా వెళ్ళిపోయిన ఆ జంతువులు ఎక్కడివో, ఆడవో మగవో ఎవరూ రాయలేదు. వ్యాపారికి అది అవసరం లేదు, నిజమే.

ఎక్కడిదో రాయడం ఎంత ముఖ్యమో ఈ మధ్యనే మళ్ళీ తేలింది. 2017లో ఫ్రెంచి పరిశోధకులు మ్యూజియముల్లో ఉన్న పుర్రెల ఆకారాన్నీ, ఎక్స్‌రేలతో లోపలి గాలి గదులనీ కొలిచి చూస్తే, తొమ్మిది పట్టీల ఆర్మడిల్లో అని అందరూ అనుకుంటున్నది ప్రాంతాన్ని బట్టి గుంపులుగా విడిపోయింది. 2024లో మ్యూజియం నమూనాల డీఎన్‌ఏతో అదే తేలింది. ఒక జాతి అనుకున్నది నాలుగు జాతులు. లినేయస్ పెట్టిన పాత పేరు దక్షిణ అమెరికా దానికి మిగిలింది. మన పెరట్లో గడ్డి తవ్వేదాని పేరు ఇప్పుడు డాసిపస్ మెక్సికానస్. మరి వెనకటికి ఎవరైనా బ్రెజిల్ మగ దవడనీ టెక్సస్ ఆడ దవడనీ పక్కన పెట్టి ఆడామగా తేడా అంటే? అది జాతి తేడా అయి ఉండొచ్చు కదా! చీటీ మీద ఊరి పేరు ఉన్నవాటినే మళ్ళీ సరిచూడగలిగారు.

ఇక అసలు వింత. తోబుట్టువులని పోల్చి చూస్తే వయసు చిక్కూ ప్రాంతం చిక్కూ తీరిపోతాయి కదా అని మీకు తోచి ఉంటుంది. ఒకే కాన్పులో పుట్టిన అన్ననీ చెల్లెల్నీ పోల్చేస్తే సరి. ఆర్మడిల్లోలో అది అసాధ్యం. ఈ జాతిలో కాన్పుకి నాలుగు పిల్లలు, నాలుగూ ఆడవే, లేదా నాలుగూ మగవే. దక్షిణ అమెరికాలో ఒక దగ్గరి జాతిలో ఈ సంగతిని 1880లలో హెర్మన్ ఫన్ ఇహెరింగ్ గమనించాడు. 1909లో అర్జెంటీనాలో మిగెల్ ఫెర్నాండెజ్, ఇక్కడ ఆస్టిన్ విశ్వవిద్యాలయంలో న్యూమన్, పాటర్సన్, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా దాని గుట్టు విప్పారు. ఒకే పిండం నాలుగుగా విడిపోయి నలుగురు పిల్లలవుతుంది. అంటే ప్రతి కాన్పూ నలుగురు కవలలే. ఒకే అచ్చు.

అలాగైతే నలుగురూ అచ్చంగా ఒకేలా ఉండాలి కదా? న్యూమన్ డొప్ప మీద పట్టీల్లోని బిళ్ళలు లెక్కపెట్టాడు. నలుగురిలో కొద్ది తేడాలున్నాయి. 1968లో అదే ఆస్టిన్‌లో ఎలియనార్ స్టార్స్, రోజర్ విలియమ్స్ అనే ఇద్దరు ఇంకా లోపలికి వెళ్ళారు. ఒకే కాన్పు కవలల అవయవాలు తూచారు, వాటిలోని రసాయనాలు కొలిచారు. ఒకే అచ్చు అనుకున్న నలుగురిలో తేడాలు బయటపడ్డాయి. అందరూ ఒకటేలే అనుకుని వదిలేయకుండా, నాలుగింటినీ విడివిడిగా, ఏది ఏదో గుర్తుపెట్టి కొలవబట్టే ఆ సంగతి తెలిసింది.

ఎలియనార్ స్టార్స్ పేరు గుర్తుపెట్టుకోండి. ఆర్మడిల్లోలని పట్టుకుని పెంచడం, వాటి శరీరం లోపల ఏం జరుగుతుందో కొలవడం ఆవిడకి బాగా అలవడింది. ఈ జంతువు ఒంటి వేడి మనకన్నా తక్కువ, 32 నుంచి 35 డిగ్రీల సెంటిగ్రేడు దాకా. చాలా ఏళ్ళు బతుకుతుంది. పైగా నలుగురు కవలలు. ఈ మూడూ కలిసి ఏ జబ్బు పరిశోధనకి పనికొస్తాయి? కుష్ఠు వ్యాధికి.

కుష్ఠు క్రిమిని 1873లో నార్వేలో హాన్సెన్ కనిపెట్టాడు. అప్పటినుంచి ఈనాటి దాకా దాన్ని గాజు పళ్ళెంలో పెంచడం ఎవరికీ సాధ్యం కాలేదు. చల్లగా ఉండే చోట్లే దానికిష్టం. మనిషి ఒంట్లో చర్మం, ముక్కు, చెవి తమ్మెలు, చేతివేళ్ళు. 1960లో షెపర్డ్ ఎలుక పాదంలో కొద్దిగా పెంచగలిగాడు. మందులు పరీక్షించడానికి అది సరిపోయింది. టీకా కోసం, జన్యువుల పరిశీలన కోసం ఎక్కువ మొత్తంలో క్రిములు కావాలంటే దారి లేదు. లూజియానాలో కార్విల్ అనే చోట 1894 నుంచీ కుష్ఠు రోగుల ఆస్పత్రి ఉండేది. అక్కడి డాక్టర్ కిర్క్‌హైమర్, స్టార్స్ కలిసి ఆర్మడిల్లోకి ఆ క్రిమిని ఎక్కించి, 1971లో ఫలితం ప్రకటించారు. ఆ జంతువు ఒంట్లో క్రిమి విపరీతంగా పెరిగింది. వందేళ్ళుగా మూసుకున్న తలుపు తెరుచుకుంది.

ఆ తలుపులోంచి మన దేశందాకా ఒక దారి ఉంది. ఆర్మడిల్లోల్లో పెంచి, చంపి, శుద్ధిచేసిన క్రిములతో చేసిన టీకాని 1991లో మొదలైన దక్షిణ భారత టీకా ప్రయోగంలో చెంగల్పట్టు ప్రాంతంలో పరీక్షించారు. 2001లో కుష్ఠు క్రిమి జన్యువులన్నిటినీ మొదటిసారి చదివి అచ్చు వేశారు కదా, ఆ చదివిన క్రిమి పేరు టీఎన్. తమిళనాడు అన్నమాట. అక్కడి రోగి నుంచి తీసుకున్న క్రిమిని ఆర్మడిల్లోల్లో పెంచితేనే చదవడానికి సరిపడా దొరికింది. ఎక్కడినుంచి వచ్చిందో పేరులోనే రాసిపెట్టుకున్నారు చూడండి. అది కూడా ఒక చీటీయే.

మన ఇందూరు దగ్గర డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అనే డాక్టరమ్మ 1915లో నడిపించడం మొదలుపెట్టిన కుష్ఠు ఆస్పత్రి గురించి మా పెద్దవాళ్ళు చెప్పేవారు. అప్పట్లో ఉన్న వైద్యం చాల్ముగ్రా నూనె సూదిమందు. బాధ ఎక్కువ, గుణం తక్కువ. 1980లలో మూడు మందులు కలిపి ఇచ్చే చికిత్స వచ్చాక లెక్క మారిపోయింది. ఆర్నెల్లో ఏడాదో మాత్రలు మింగితే తగ్గిపోయే జబ్బు ఇప్పుడది. దాని చుట్టూ ఉన్న భయమే ఇంకా తగ్గలేదు.

ఈ జబ్బు కూడా దవడ మీద సంతకం చేస్తుంది. డెన్మార్క్‌లో నెస్ట్‌వెడ్ అనే ఊళ్ళో పాత కుష్ఠు ఆస్పత్రి శ్మశానం ఉంది. ముల్లర్ క్రిస్టెన్సెన్ అనే వైద్యుడు 1940ల చివర్లో అక్కడ తవ్వకాలు మొదలుపెట్టి, ముక్కు కింద ఎముకా, పై దవడలో ముందు పళ్ళు పట్టుకునే గట్టూ అరిగిపోవడం ఈ వ్యాధి గుర్తు అని చూపించాడు. 2009లో రాజస్థాన్‌లో ఉదయపూర్ దగ్గర బాలాథల్‌లో దొరికిన దాదాపు నాలుగు వేల ఏళ్ళనాటి ఒక నడివయసు మనిషి అస్థిపంజరం ముఖంలోనూ ఇలాంటి గుర్తులే కనిపించాయని ప్రచురించారు. మన ఉపఖండంలో ఈ జబ్బుకి దొరికిన చాలా పాత సాక్ష్యం అది. చూశారా, దవడ కొన్ని ప్రశ్నలకి నాలుగు వేల ఏళ్ళ తరవాత కూడా జవాబు చెప్తుంది. కొన్నిటికి నిన్నటి దవడ కూడా నోరు విప్పదు. ఏ ప్రశ్న ఏ ఎముకని అడగాలో తెలియడమే విద్య.

1975లో ఒక గొడవ వచ్చింది. లూజియానా అడవుల్లో తిరిగే ఆర్మడిల్లోల్లో కుష్ఠు కనిపించింది. "ప్రయోగశాలల్లోంచి తప్పించుకున్నవో, అక్కడి చెత్తో ఈ జబ్బుని అడవికి అంటించింది" అన్న అనుమానం బయల్దేరింది. అది పెద్ద నింద. ప్రయోగాలు మొదలుకాక ముందే అడవిలో జబ్బు ఉందని ఎలా రుజువు చేస్తారు? వేరే పని కోసం 1960 నుంచి 1964 మధ్యలో పట్టిన ఆర్మడిల్లోల రక్తరసం సీసాలు దాచిపెట్టి ఉన్నాయి. వాటి మీద ఏడాది రాసి ఉంది. 1986లో ట్రూమన్ బృందం వాటిని పరీక్షిస్తే కొన్నిట్లో కుష్ఠు క్రిమికి ఎదురుగా పుట్టిన ప్రతిరక్షకాలు దొరికాయి. ప్రయోగాల కన్నా ముందే జబ్బు అడవిలో ఉందన్నమాట. ఆ క్రిమి అమెరికా ఖండానికి మనుషులతో వచ్చి, వాళ్ళనుంచే ఆర్మడిల్లోలకి అంటింది. సీసా మీద ఏడాది రాసిన ఆ చెయ్యి ఎవరిదో నాకు తెలియదు కానీ, నింద తీర్చింది ఆ చెయ్యే.

ఇప్పుడు మనకి పనికొచ్చే మాట. ఆర్మడిల్లో నుంచి మనిషికి తిరిగి ఈ జబ్బు రావచ్చని 2011లో గట్టిగా తేలింది. దక్షిణ రాష్ట్రాల్లోని కొందరు రోగుల్లోనూ, అక్కడి ఆర్మడిల్లోల్లోనూ ఒకే రకం క్రిమి కనిపించింది. అలాగని పెరట్లోకి ఆర్మడిల్లో వచ్చిందని హడలిపోకండి. నూటికి తొంభై ఐదు మందికి ఈ జబ్బు సహజంగానే అంటదు. దాన్ని చేత్తో పట్టుకోవద్దు, చచ్చిపడినదాన్ని ఒట్టి చేతులతో తియ్యొద్దు, ఎవరైనా సరదాగా వండి పెట్టినా వద్దనండి. తోటపని చేసేటప్పుడు చేతి తొడుగులు వేసుకోండి. చర్మం మీద స్పర్శ తెలియని పాలిపోయిన మచ్చ ఎన్నాళ్ళకీ పోకపోతే, సిగ్గుపడకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళండి, ఆర్మడిల్లోలున్న చోట ఉంటున్నామని కూడా చెప్పండి. ఇండియాలో పెరిగాం అనీ చెప్పండి. అవి రెండూ ఇక్కడి డాక్టరుకి పనికొచ్చే వివరాలు. పరువు పోతుందని ఆ ముక్క దాచిపెడితే, చీటీ లేని ఎముక చూసి తికమకపడ్డవాళ్ళలాగే ఆయనా తికమకపడతాడు. జబ్బు ఆలస్యంగా తెలిస్తే వేళ్ళ స్పర్శ పోతుంది, తిరిగి రాదు.

స్కూలు పిల్లలున్న తల్లిదండ్రులకి ఒక మాట. పిల్లలు ఎముకో, రాయో, పిట్ట ఈకో ఏదైనా తెచ్చి చూపిస్తే, ముందు చేతులు కడిగించండి. తరవాత ఒక చిన్న కాగితం ముక్క ఇచ్చి మూడు సంగతులు రాయించండి: ఎక్కడ దొరికింది, ఏ రోజు, ఎవరు చూశారు. ఆడో మగో తెలిస్తే అది కూడా. తెలియకపోతే ఆ చోటు ఖాళీగా ఉంచమనండి, ఊహించి రాయొద్దనండి. ఖాళీ చోటుని రేపు ఎవరైనా నింపొచ్చు, తప్పు రాతని నమ్మి మోసపోయేవాళ్ళు ఎక్కువ.

వచ్చే వారం పాటల కార్యక్రమం ఉంటుంది. ఆ పై వారం మళ్ళీ కలుద్దాం. అంతవరకు సెలవు. నమస్కారం.